గవ్వకు స్నానం

రాత్రి పదకొండుకి
జీడితోటలోంచి వచ్చింది గవ్వ,
తోక కాళ్ళ మధ్య దోపుకొని.
దానికంటే ముందే దాని వాసన వచ్చి
గడప మీద కూర్చుంది.

రాలిన జీడిపండ్ల కోసం దిగిన పునుగుపిల్లిని
తోట తన పేరునే ఉన్నట్టు తరిమి ఉంటుంది.
పునుగు ఒక్కసారి వెనక్కి తిరిగి
ఏదో చెప్పింది.
ఆ మాట ఇంకా దీని మెడ మీద ఉంది.

"ఓలమ్మో, ఏటే ఆ కంపు! తలుపేసీ, తలుపేసీ!"
మా అత్త డిల్లమ్మ మంచం మీంచే కేక.
నేనప్పటికే దాన్ని ఎత్తుకున్నాను.
ఇక మేమిద్దరం ఒక జట్టు,
అరుగుకి అవతలి వాళ్ళం.

వీధి దీపం కింద పంచాయితీ.
కూర్మారావు మావ చింతపండన్నాడు,
ఇత్తడి చెంబు తళతళలాడగా లేనిది
కుక్క తళతళలాడదా అని.
తోమాను. గవ్వ తళతళలాడింది.
కంపు ఇంకా తళతళలాడింది.

హేమావతి శనగపిండీ పుల్లమజ్జిగా
గోడ మీంచే అందించింది, ముక్కుకి కొంగు అడ్డం పెట్టి.
"పిసరు వంటసోడా కలుపు పిన్నీ,
కళ్ళల్లో పడనీకు. ఆరేదాకా ఉంచు."
ఆరేదాకా పిండి ఉంటుంది, గవ్వ ఉండదు కదా.
వీధంతా విదిలించింది.
కూర్మారావు మావ మీసం బజ్జీ అయింది.

టమాటా రసం పొయ్యమని ఎవరో అంటే
"కిలో ఎంతో తెలుసునేటి నీకు?
చారెట్టుకుంటే పది మందికొస్తాది"
డిల్లమ్మ లోపల్నుంచే కొట్టేసింది.

కుంకుడుకాయ పులుసు. వేపాకు నీళ్ళు.
ఆఖరికి సాంబ్రాణి పొగ,
దాంతో అది
పూజగదిలో చచ్చిన ఎలకలా తయారైంది.

జోగారావు మాస్టారు, రిటైరైన తెలుగు పంతులు,
నాలుగిళ్ళ అవతల నిలబడి అన్నారు:
"ఆ పునుగు తైలాన్నే కదుటమ్మా
శుక్రవారం అభిషేకమయ్యాక వెంకన్నకి పూసేది!"
"అయితే మాస్టారూ, ఈ రాత్రికి దీన్ని
మీ ఇంట పడుకోబెట్టనా?"
మాస్టారి టార్చిలైటు
గబగబా ఇంటికెళ్ళిపోయింది.

అందరూ వెళ్ళాక
బోరింగు దగ్గర మేమిద్దరమే.
మళ్ళీ పిండి కలిపాను.
చెవుల వెనక, గోళ్ళ సందుల్లో, గదుమ కింద,
తొందర లేకుండా.
అప్పుడు చూశాను
పసుపుపచ్చటి పిండిలో నల్లగా నా వేళ్ళు.

పలాస బట్టీలో పద్నాలుగేళ్ళుగా
జీడిపిక్కలు కొట్టిన వేళ్ళు.
ఆముదం రాసి, బూడిద అద్దుకునే దిగుతాం పనిలోకి.
అయినా జీడి
సంతకం పెట్టకుండా వదలదు.
తోలు ఊడి, మళ్ళీ వచ్చి, మళ్ళీ నల్లబడి.
కిరసనాయిలు, నిమ్మచెక్క, ఏటి ఇసక,
ఎవరేం చెప్తే అది.
ఈ పంచాయితీలన్నీ
నా చేతుల మీదా జరిగినవే.
పెళ్ళిలో వడ్డించడానికి లేస్తే
"నువ్వు కూకో అప్పా, అలిసిపోనావు" అంటారు, మర్యాదగా.
బస్సులో కండక్టరు
చిల్లరని గోళ్ళతో తీసుకుంటాడు.

గవ్వకి మాత్రం ఎప్పుడూ
ఈ చేతుల్లో ఏ వాసనా తగల్లేదు.
తగిలే ఉంటుంది.
అదే నేననుకుని ఉంటుంది.

తెల్లారి బట్టీకెళ్ళే ఆటోలో
తొమ్మిదిమందిమి ఇరుక్కునే చోట
మొదటిసారి కాళ్ళు చాపుకొని వెళ్ళాను.

వారానికి చాలావరకు పోయింది.
ఏ వైద్యానికి పోయిందో
వీధిలో ఇంకా తేలలేదు.
మావ చింతపండంటాడు, హేమావతి ఒప్పుకోదు.

వాన పడ్డ రోజు మాత్రం
తడిసిన మెడలోంచి కొంచెం లేస్తుంది.
"నీ వెంకన్న లేచినాడే" అంటుంది డిల్లమ్మ.
తలుపు మాత్రం వెయ్యదు.